మూడో పోశం

నేను ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గు బాయిలో పనిచేశాను. ఒక్క తట్ట బొగ్గు కూడా ఎత్తలేదు. మా వైపు గనిని బాయి అంటారు. ఆ బాయి నోటి దగ్గర లాంప్ రూం ఉంటుంది. నా ఉద్యోగం అందులో. 1969లో చేరాను, 1997లో ఇంకా వయసుండగానే మానేశాను. కొత్తగా లాంప్ రూంలో చేరినవాళ్లు కొందరు మంచిర్యాలలో మా ఇంటికి వచ్చి "అక్కడ పనేముంటదే, బత్తీలిచ్చుడు, బత్తీలు తీసుకునుడు. గంతే గదా?" అని అడుగుతుంటారు. గంతే. అయితే ఆ "గంతే"లో నేను చేసిన రెండు తప్పులు చెప్పాలి. ఒకటి లెక్క చూడటంలో చేసింది, ఇంకొకటి లెక్క రాయటంలో చేసింది. రెండూ ఒకే మనిషి విషయంలో జరిగాయి.

ముందుగా ఒక మాట. ఇక్కడ రాసిన పేర్లలో ఒక్కటి తప్ప అన్నీ మార్చాను. నెంబర్లు కూడా మార్చాను. ఒకటి మారిస్తే మిగతావి దానికి తగ్గట్టు మార్చాలి కదా, అవీ మార్చాను. కూడి, తీసివేసి, భాగించి చూసుకోండి, తేడా రాదు.

చేత్తో లెక్క

నేను చదివింది ఐదో తరగతి. మా బాపు ఆదిలాబాద్ అడవిలో కలప డిపోలో దుంగలు కొలిచేవాడు. దుంగ మొదలు మీద తారు చుక్కలు పెట్టేవాళ్లు, చుక్కకు ఒక అడుగు. ఆ చుక్కలు లెక్కపెడుతూ కూడిక నేర్చుకున్నాను. సగం, పావు, ముప్పావు ఎక్కాలు ఎవరూ చెప్పకుండానే పట్టాను. లాంప్ రూంలో నన్ను తీసుకోవడానికి అదొక్కటే కారణం.

లాంప్ రూం పని ఇలా ఉంటుంది. బాయిలో పనిచేసే ప్రతి మనిషికీ నెంబరున్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. దిగేటప్పుడు కిటికీలో బిళ్ల ఇస్తాడు, మేం అదే నెంబరు బత్తీ ఇస్తాం. బిళ్లను బోర్డు మీద ఆ నెంబరు మేకుకు తగిలిస్తాం. పైకి వచ్చి బత్తీ ఇచ్చినప్పుడు బిళ్ల తిరిగి తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే ఒక మనిషి ఇంకా లోపల ఉన్నాడని అర్థం. మా బోర్డుకు ఎనిమిది వందల ముప్పై నాలుగు మేకులు.

నాకు పని నేర్పింది ఖాజా సాబ్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, ఎప్పుడూ తమలపాకు నమిలేవాడు. నేను చేరిన మొదటివారం బోర్డు దూరం నుంచి చూసి "అన్నీ ఖాళీ" అన్నాను.

"అరే లింగయ్యా, గట్ల కాదు. చూసి గిన్తీ చెయ్యకు, ముట్టి చెయ్యి. కండ్లకు ఇంటికి పోవాలని ఫికర్ ఉంటది. వేళ్లకు ఉండది" అన్నాడు.

అప్పటినుంచి ప్రతి షిఫ్టుకూ ఎనిమిది వందల ముప్పై నాలుగు మేకులను వేలితో ముట్టుకున్నాను. నా కుడిచేతి చూపుడువేలి కొన ఇప్పటికీ గట్టిగా ఉంటుంది. ఖాజా సాబ్‌తో కలిపి నాకు ఐదుగురు ఇన్‌చార్జులు మారారు. ముగ్గురు మంచివాళ్లే కానీ బోర్డు ముట్టేవాళ్లు కాదు. ఒకడు లెక్క తేలకముందే సంతకం పెట్టి ఇంటికి పోయేవాడు. అతని గురించి ఎక్కువ రాయను. అతను ప్రమోషన్ మీద వెళ్లాడు.

ఇద్దరు పోశంలు

డెబ్భైల మొదట్లో ఒక వానాకాలం, మొదటి షిఫ్టులో, మూడో లెవెల్ దగ్గర పైకప్పు కూలింది. సైరన్ పదకొండింటికి మోగింది. లోపలివాళ్లను పైకి పిలిచారు. కిటికీ ముందు తోపులాట. బత్తీలు వచ్చి పడుతున్నాయి, బిళ్లలు వెళ్తున్నాయి.

ఆ జనంలోంచి ఒక ఆడమనిషి కిటికీ దాకా వచ్చింది. ఇరవై ఐదేళ్లుంటాయి. చేతులకు పిండి ఉంది, రొట్టెలు చేస్తూ లేచి వచ్చినట్టుంది.

"సారూ, మా ఇంటాయన..." అని ఆగింది. మా వైపు ఆడవాళ్లు భర్త పేరు పలకరు. నేను ఎదురుచూశాను. "పోశం సారూ" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"తండ్రి పేరు?"

ఆమె కొంగు ఇంకా గట్టిగా నోటికి అదుముకుంది. వెనకనుంచి జనం తోస్తున్నారు. నేను రిజిస్టరు చూశాను. ఆ షిఫ్టులో పోశంలు ఇద్దరున్నారు. ఇద్దరి మేకులూ ఖాళీ, అంటే ఇద్దరూ పైకి వచ్చేశారు. వేలితో ముట్టి మరీ చూశాను.

"మాకు ఇద్దరు పోశంలున్నరు. ఇద్దరు పైకొచ్చిండ్లు, బత్తీలు గూడ ఇచ్చిండ్లు. పరేషాన్ కాకు. ఇంటికి పో, అన్నం వండుకో" అన్నాను.

ఆమె రెండు చేతులూ జోడించి కిటికీకే దండం పెట్టింది. వానలో పరుగెత్తింది. ఆ గందరగోళంలో ఒక్కరికైనా మంచి మాట చెప్పానని నాకు సంతోషంగా ఉండింది.

గంటన్నరకు లెక్క తేలింది. ఇచ్చినవి రెండు వందల ఎనభై ఆరు బత్తీలు, వచ్చినవి రెండు వందల ఎనభై ఐదు. బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలింది, నాలుగు వందల పదిహేడు. రిజిస్టరులో ఆ నెంబరు పక్కన పేరు రాజలింగు. లోపలి పని చూసే ఓవర్‌మన్‌కు చెప్పాను. మనుషులు మూడో లెవెల్‌కు వెళ్లారు. రాజలింగు క్వార్టరుకు టైం కీపరు మనిషిని పంపాడు.

ఆ మనిషి తిరిగొచ్చి, "తాళమేసి ఉన్నదన్నా. ఆయన భార్య సైరన్ మోగంగనే లాంప్ రూంకు ఉరికిందని పక్కింటోల్లు చెప్పిండ్లు" అన్నాడు.

"ఎవలు రాలే. రాజలింగు అని ఎవలు అడగలే" అన్నాను.

అలా అంటుండగానే పిండి చేతులామె మళ్లీ కిటికీ ముందుకు వచ్చింది. ఈసారి చేతులు కడుక్కుని ఉంది. "సారూ, రాలే. అన్నం వండిన, బెండకాయ కూర వండిన. రాలే. కాంటీన్ల సూసిన, నల్లాలకాడ సూసిన. తొవ్వల గూడ కండ్లవడలే."

నా వేలు నాలుగు వందల పదిహేడు మీదే ఉంది. "చెల్లే, మీ క్వార్టర్ నెంబరెంత?" అన్నాను. చెప్పింది. అది రాజలింగు క్వార్టరు.

లాంప్ రూంలో ఉన్నంతకాలం నేను చేసిన లెక్కల్లో తప్పు రాలేదని చెప్పుకునేవాడిని. ఆ రోజు కూడా లెక్కలో తప్పు లేదు. ఇద్దరు పోశంలు వచ్చింది నిజం. మూడో పోశం ఉంటాడని నాకు తెలియదు.

"రాజలింగు అని ఎందుకు చెప్పలే చెల్లే?" అని మెల్లగా అడిగాను.

ఆమె గోడను పట్టుకుంది. "చెప్పుమన్నడు సారూ. కంపిని వాళ్లడిగితే గదే చెప్పుమన్నడు. కని పరాయోని పేరు నా మొగని పేరని నోట్లకెల్లి ఎట్ల వస్తది?"

సాయంత్రం నాలుగింటికి అతణ్ని తీసుకొచ్చారు. కూలిన రాళ్లకు అవతల ఇరుక్కున్నాడు, కాలు నలిగింది, ప్రాణానికి ఏమీ కాలేదు. నలుగురు మోసుకొస్తుంటే బత్తీ మాత్రం తనే పట్టుకున్నాడు. కిటికీ దగ్గర ఆపమని, చెయ్యి చాచి ఇచ్చాడు. "నాలుగు వందల పదిహేడు" అన్నాడు. బిళ్ల ఇచ్చాను. ఆమె పేరు కనకవ్వ అని అప్పుడు తెలిసింది, అతను పిలిచాడు కాబట్టి.

రాజలింగు ఎవరు

కాలు బాగయ్యాక పోశం తనే వచ్చి చెప్పాడు. ఖానాపూర్ వైపు ఒక ఊరినుంచి ఇద్దరు స్నేహితులు కలిసి వచ్చారు. పని రాజలింగుకు దొరికింది. మొదటిరోజు బాయి దిగిన రాజలింగు గంటలో పైకి వచ్చి, బిళ్ల స్నేహితుని చేతిలో పెట్టాడు.

"'నాతోని కాదురా పోశం, గా చీకట్ల నా చెయ్యి నాకే కానరాలే' అన్నడు. బనీను మీదనే పోయిండు, అంగి గూడ ఇడ్సిపెట్టి పోయిండు. గిప్పుడు ఊర్ల మక్కజొన్నేసుకుంటుండు. నాకన్నా సుఖంగున్నడు" అని పోశం నవ్వాడు.

మర్నాటినుంచి రాజలింగు బిళ్ల మీద పోశం దిగాడు. అప్పట్లో ఇలా మారుపేరు మీద పనిచేసేవాళ్లు ప్రతి బాయిలోనూ ఉండేవాళ్లు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. బయటపడితే మాత్రం పని పోతుంది, క్వార్టరు పోతుంది. చేసిన సర్వీసు ఎవరిదీ కాకుండా పోతుంది, ఎందుకంటే రాజలింగు పనిచేయలేదు, పోశం కాగితం మీద లేడు.

తప్పు కాదా అని అడిగేవాళ్లున్నారు. కాగితం ప్రకారం తప్పే. కానీ రాజలింగు పేరు మీద నిండిన ప్రతి బొగ్గు టబ్బూ పోశం భుజాల మీంచే నిండింది. నా బోర్డు మీద నాలుగు వందల పదిహేడుకు ఎదురుగా ఒక మనిషి దిగాడు, ఒక మనిషి పైకొచ్చాడు. నా పని అంతవరకే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పదేళ్లకు పైగా చెప్పలేదు. తర్వాత ఒకరికి చెప్పాను.

సదానందం

సదానందం మా బాయిలో హాలేజ్ నడిపేవాడు. టబ్బులను తాడుతో లాగే ఇంజను అది. గంట కొడితే లాగాలి, గంట కొడితే ఆపాలి. గంటకూ గంటకూ మధ్య ఆలోచించుకోవడానికి టైముంటుందని, ఆ టైములోనే తాను నవలాకారుడినయ్యానని అనేవాడు. అప్పటికే రెండు చిన్న నవలలు కరీంనగర్‌లో అచ్చయ్యాయి. ఎనభైల మధ్యలో పెద్ద నవల మొదలుపెట్టాడు. ఒక క్వార్టర్ల లైను, అందులో పన్నెండు ఇండ్లు, ఒక్కో ఇంటికి ఒక్కో అధ్యాయం. అది కరీంనగర్‌నుంచి వచ్చే ఒక మాసపత్రికలో నెలకో అధ్యాయం వచ్చేది.

నవలల గురించి తీర్పు చెప్పేంత చదువు నాకు లేదు. కానీ బాయి గురించి రాసినవాళ్లలో చాలామంది చీకటి గురించి, దుమ్ము గురించి రాస్తారు. సదానందం పైకి వచ్చిన తర్వాత సంగతి రాసేవాడు. మూడుసార్లు సబ్బు రుద్దినా కనురెప్పల అంచున కాటుకలా మిగిలే నలుపు. లోపలికి పోయే మనిషి డబ్బాలో భార్య ఒక రొట్టె ఎక్కువ పెట్టడం, అది తోటివాడి కోసమని అతనికి తెలిసినా అడగకపోవడం. షిఫ్టు నుంచి రావడం పావుగంట ఆలస్యమైతే పన్నెండు ఇండ్లలోనూ ఆడవాళ్లు ఏదో పని పెట్టుకుని వాకిట్లోకి రావడం. ఇవన్నీ నాకూ తెలుసు, కానీ అతని రాతలో చదివేదాకా నాకు తెలుసన్న సంగతి తెలియలేదు.

అచ్చుకు పంపేముందు ప్రతి అధ్యాయం నాకు చదవడానికి ఇచ్చేవాడు. కథ కోసం కాదు, లెక్క కోసం.

"లింగన్నా, మూడో లెవెల్‌కు మెట్లెన్ని?"

"మెట్లు లేవు, ఏటవాలు. నీకు తెల్వదా?"

"తెలుసు గని నువ్వంటే నిజమైతది."

ఒక అధ్యాయంలో ఒక్క షిఫ్టుకు ఒక మనిషి పన్నెండు టబ్బులు నింపినట్టు రాశాడు. "ఇద్దరు కలిసినా నింపరు, గాడు మనిషా, బుల్డోజరా?" అంటే, నవ్వుతూ కొట్టేశాడు. ఏడు నెలలు ఇలా సాగింది. నా పెన్సిల్ గుర్తు లేకుండా ఒక్క అధ్యాయం పోలేదు. దాంతో నాకు గర్వం పెరిగింది. ఇది దాచను.

ఒకరోజు పైకప్పు కూలిన అధ్యాయం రాయాలని, కానీ భయంతో కిటికీ ముందు నిలబడిన ఆడమనిషి ఏం మాట్లాడుతుందో తట్టడం లేదని అన్నాడు. నేను కనకవ్వ సంగతి చెప్పాను. పేర్లు చెప్పలేదు. ఆ పేరుగలవాళ్లు ఇద్దరూ పైకొచ్చారని చెప్పి ఇంటికి పంపిన నా తప్పు, ఆ మారుపేరు సంగతి చెప్పాను. అతను వారంలో అధ్యాయం తెచ్చాడు.

పేర్లు వేరే, ఊరు వేరే, కానీ బెండకాయ కూర ఉంది, జోడించిన చేతులున్నాయి. బోర్డు మీద మిగిలిన బిళ్ల నెంబరు దగ్గర మాత్రం ఆగిపోయాను. వెయ్యి నూట పదహారు అని రాశాడు.

"ఏందిది సదానందం? పెండ్లిల కట్నం చదివిస్తానవా?"

"జర సప్పుడున్న నెంబరు గావాలె అన్నా. చదివితె గుర్తుండాలె."

"ఎనిమిది వందల ముప్పై నాలుగు మేకులున్న బోర్డు మీద వెయ్యి నూట పదహారో బిళ్ల యాడికెల్లి వస్తది? బాయోళ్లు చదివితె నవ్వుతరు."

"మరి నువ్వే రాయి."

పెన్సిల్ తీశాను. నెంబరు కొట్టేసి పక్కన 417 అని రాశాను. నేను ఆలోచించకుండా రాసింది కాదు, అదే నా తప్పులో పెద్ద భాగం. ఇంకే నెంబరైనా రాయొచ్చని తెలుసు. కానీ ఆ రోజు బోర్డు మీద మిగిలింది నాలుగు వందల పదిహేడు. ఇంకోటి రాస్తే లెక్క తప్పు రాసినట్టే. నా చేత్తో తప్పు లెక్క రాయడం నాకు చేతకాలేదు.

కాంటీన్‌లో చదివారు

ఆ నెల పత్రిక కాంటీన్‌లోకి వచ్చింది. ఒకడు పైకి చదువుతుంటే పదిమంది వింటారు, అది మా దగ్గర మామూలు. నెంబరు వచ్చిన చోట ఎవరో, "ఓ, నాలుగు వందల పదిహేడు మన రాజలింగన్నదే గదా! గప్పుడు కాలు నలిగింది గూడ గాయనదే!" అన్నాడు. అన్నవాడికి చెడు ఉద్దేశం లేదు. "రాజలింగన్నా, కథల వడ్డవు, చాయ్ తాపియ్యి" అని భుజం తట్టారు.

నవలలో ఆ మనిషి మారుపేరు మీద పనిచేస్తాడు. భార్య అసలు పేరు చెబుతుంది. కాంటీన్‌లో నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే నవ్వు ఆపేశారని తర్వాత విన్నాను.

మర్నాడు పోశం కిటికీ దగ్గరికి వచ్చాడు. బిళ్ల ఇవ్వలేదు. గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

"లింగన్నా, నా నెంబరు పుస్తకంల ఎట్ల వడ్డది?"

అబద్ధం చెప్పలేకపోయాను. "నేనే రాసిన" అన్నాను.

అతను కోప్పడితే బాగుండేది. "నువ్వా!" అన్నాడు, అంతే. తర్వాత మెల్లగా, "నెంబరు రాయకుంటే ఏం పోయేదన్నా?" అన్నాడు. వెనకవాళ్లు తొందరపెడితే బిళ్ల ఇచ్చి బత్తీ తీసుకుని వెళ్లిపోయాడు.

నాలుగో రోజు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. బోర్డు చూసేవాణ్ని కాబట్టి నాకు, సదానందానికి, రాజలింగు పేరు మీదున్న పోశానికి.

సగం

సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు కొత్తగా వచ్చాడు, కోస్తావైపు మనిషి. పుస్తకాలు చదివేవాడు. ఎవరో ఆ పత్రికను పేజీకి గుర్తు పెట్టి మరీ ఆయన టేబుల్ మీద పెట్టారు. ఎవరో నాకు తెలుసు, రాయను.

మొదట సదానందాన్ని అడిగాడు. "అంతా కల్పితం సార్, నెంబరు గూడ నేనే కల్పించిన" అన్నాడు సదానందం. రాతప్రతి తెమ్మన్నాడు ఆఫీసరు. సదానందం ఇంటికి వెళ్లి తెచ్చాడు, తేకపోతే అనుమానం పెరుగుతుందని. అందులో ఇంకుతో వెయ్యి నూట పదహారు, దాని మీద అడ్డగీత, పక్కన పెన్సిల్‌తో 417.

"ఈ పెన్సిల్ ఎవరిది?"

సదానందం నేలకేసి చూశాడు. "నాది సార్" అన్నాను.

"లింగయ్యగారూ, మీ గురించి విన్నాను. మీ లెక్క ఎప్పుడూ తప్పదంటారు. ఈ నెంబరే ఎందుకు వేశారు?"

నిజం చెబితే పోశం రేపట్నుంచి దిగడు. అతను నా బోర్డు మీద పదిహేనేళ్లుగా రోజూ దిగాడు, రోజూ పైకి వచ్చాడు. నా ముందు పత్రిక తెరిచి ఉంది, అందులో 417 నల్లగా కనిపిస్తోంది. దాన్ని చూస్తుంటే అలవాటుగా రెట్టింపు చేశాను.

"మా బోర్డుకు మేకులు ఎనిమిది వందల ముప్పై నాలుగు సార్. వెయ్యి నూట పదహారు ఉండది. అందుకే నడిమిట్లది వేసిన. సగం."

ఆఫీసరు కాగితం తీసుకుని భాగించాడు. "నాలుగు వందల పదిహేడు" అన్నాడు. నావైపు చూశాడు. "సరిగ్గా సగం. బాగా కుదిరింది."

సగం అన్న లెక్క నిజం. అందుకే రాశానన్నది అబద్ధం. నా సర్వీసులో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

తర్వాత పోశాన్ని పిలిచాడు. మమ్మల్ని బయటికి పొమ్మనలేదు.

"మీ పేరు?"

"రాజలింగు సార్."

"తండ్రి పేరు?"

పోశం వాళ్ల బాపు పేరు వెంకటి, నాకు తెలుసు. పోశం "భూమయ్య" అన్నాడు. అది రాజలింగు తండ్రి పేరు. ఆఫీసరు రాసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. పత్రిక మూసి సదానందానికి ఇచ్చి, "కథలకు మస్టర్‌లో హాజరు పడదు. వెళ్లి పనులు చూసుకోండి" అన్నాడు.

ఆయనకు తెలుసని నా నమ్మకం. తెలిసి కూడా ఒక లెక్క కుదిరితే చాలనుకున్నాడు. ఐదుగురు ఇన్‌చార్జులు, ముగ్గురు మేనేజర్ల గురించి మీకు చెప్పగలను, కానీ నేను గౌరవించే ఆఫీసరు ఎవరంటే ఆయన పేరే చెబుతాను. ఆయనతో నేను మాట్లాడింది ఆ పది నిమిషాలే.

పోశం లాంప్ రూం మెట్టు మీద కూలబడ్డాడు. పని నిలబడింది కదా, సంతోషిస్తాడనుకున్నాను.

"గిన్నేండ్లు గా పేరు మీద అంగూఠా ముద్ర వెట్టిన లింగన్నా. నోటితోటి ఎన్నడు చెప్పలే. ఇయ్యాల మా బాపును కాదన్న" అన్నాడు.

పోశం లేచి, దుమ్ము దులుపుకుని, "షిఫ్టు టైమైంది" అని బిళ్ల కిటికీ మీద పెట్టాడు.

అచ్చులో తప్పు

నవల పుస్తకంగా వచ్చేటప్పుడు సదానందాన్ని ఒకటే అడిగాను. వెయ్యి నూట పదహారు మళ్లీ పెట్టమన్నాను. పెట్టాడు. పుస్తకానికి మంచి పేరొచ్చింది. కానీ ఒక సమీక్షకుడు, ఏ బాయిలోనూ అన్ని బత్తీలుండవని, రచయిత కొన్ని వివరాలు చూసుకోవాల్సిందని రాశాడు. సదానందం ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"సూసినవా, పుట్టి బుద్ధెరిగినకాంచి బాయిలున్న. నీ సోపతి వట్టినందుకు నాకు బాయి తెల్వదని రాసిండ్లు."

"ఉత్తరం రాయాల్నా ఆయనకు?"

"వద్దు. తప్పే మంచిగున్నది."

నవల రాసేవాళ్లకు నిజం కావాలి అంటారు. ఆ అధ్యాయంలో నిజం ఆ బెండకాయ కూరలో ఉంది, జోడించిన చేతుల్లో ఉంది. నెంబరులో నిజం నా ఒక్కడి మనశ్శాంతి కోసమే. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక మనిషి చేత తండ్రిని కాదనిపించాల్సి వచ్చింది. లాంప్ రూంలో చేరేవాళ్లకు నేను చెప్పేదల్లా ఒకటే. లెక్క తప్పకుండా పెట్టండి, ముట్టి పెట్టండి. కానీ మీకు తెలిసిన ప్రతి నెంబరూ రాయడానికి కాదు. కొన్ని వేలి కొననే ఉండాలి.

పైకి రావడం

తొంభైల మధ్యలో రాజలింగు రిటైరయ్యాడు. కాగితం మీద రాజలింగుకు అరవై నిండాయి. పోశానికి యాభై నాలుగు. ఇంకా ఆరేళ్లు పనిచేయగల ఒంటితో, దండ వేయించుకుని, రాజలింగుగారు అని పిలిపించుకుని కూర్చున్నాడు. నలుగురు మాట్లాడారు. రాజలింగు కష్టజీవి అన్నారు. ఊర్లో మక్కజొన్న వేసుకునే రాజలింగు కూడా వచ్చి వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. పోశం అతణ్ని చూసి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

సభ అయ్యాక బిళ్ల ఇవ్వడానికి పోశం లాంప్ రూంకు వచ్చాడు. వెంట కనకవ్వ ఉంది. జుట్టు నెరిసింది. లోపలికి రమ్మన్నా రాలేదు, కిటికీ బయటే, ఆనాడు నిలబడిన చోటే నిలబడింది.

పోశం బిళ్ల ఇచ్చాడు. ఆ ఇత్తడి మీద అంకెలు అరిగి నున్నగా అయ్యాయి. దాన్ని మేకుకు తగిలించలేదు, బల్ల మీద పెట్టాను.

నా దగ్గర సదానందం సంతకం పెట్టి ఇచ్చిన పుస్తకం ఉంది, సొరుగులో. పోశానికి చదువు రాదు. తీసి, ఆ పేజీ తెరిచి, వెయ్యి నూట పదహారు మీద పెన్సిల్‌తో గీత గీశాను. పక్కన 417 అని రాశాను. ఎదురుగా అతను చూస్తుండగా ఒక్కో అక్షరం పైకి చదువుతూ రాశాను. పోశం, తండ్రి వెంకటి.

పోశం ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. "గిది ఎవలకన్న సూపిస్తవా?" అన్నాడు.

"నువ్వు చూపియ్యమన్ననాడు."

ఈ రాత రాసేముందు అతణ్ని అడిగాను. అన్ని పేర్లూ మారుస్తానంటే ఒప్పుకున్నాడు, తన పేరు మాత్రం మార్చొద్దన్నాడు. మా వైపు ఇంటికో పోశం ఉంటాడు, ఎవరని పట్టుకుంటారని నవ్వాడు.

ఆ రోజు కనకవ్వ కిటికీ చువ్వలు పట్టుకుని ఇదంతా చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.

"లింగన్నా, నువ్వు గప్పుడు ఇద్దరు పోశంలు పైకొచ్చిండ్లని చెప్పినవు. నేను ఇంటికి పోయి అన్నం వండిన. మరి మూడో పోశం వచ్చిండా?" అంది.

నేను బోర్డు దగ్గరికి వెళ్లాను. నాలుగు వందల పదిహేడో మేకును వేలితో ముట్టి చూశాను. ఖాళీగా ఉంది.

"వచ్చిండు చెల్లే" అన్నాను. "ఇంటికి తీసుకపో."